ఫ్రాంక్లిన్ చుక్కల పుస్తకం

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనందరికీ గాలిపటం, పిడుగు గుర్తుకొస్తాయి. అది సైన్స్ పుస్తకంలో చదివిందే కాబట్టి, ఆయన దగ్గర ఉండిన ఒక చిన్న పుస్తకం సంగతి రాస్తున్నాం.

1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు చేసేవాడు. పదిహేడుమంది పిల్లలు. రెండేళ్ళు బడికి పంపి, పదో ఏట మాన్పించారు. పన్నెండో ఏట అన్నగారి ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరాడు. పదహారేళ్ళప్పుడు మాంసం మానేసి, తన భోజనానికి అన్న కట్టే డబ్బులో సగం చేతికిస్తే చాలన్నాడు. ఆ సగంలో సగం మిగిల్చి పుస్తకాలు కొన్నాడు. అందరూ భోజనానికి వెళ్ళిన వేళ ఓ రొట్టె ముక్క, గుప్పెడు ఎండుద్రాక్ష తిని ప్రెస్‌లోనే చదువుకునేవాడు. మెస్ ఛార్జీల లెక్క తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

1723లో ఇల్లు వదిలి ఫిలడెల్ఫియా చేరాడు. తర్వాత సొంత ప్రెస్ పెట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడే తనలో ఉండవలసిన గుణాలు పన్నెండు రాసుకున్నాడు. నీకు గర్వం ఎక్కువని ఓ మిత్రుడు చెబితే వినయం కూడా చేర్చి పదమూడు చేశాడు. మొట్టమొదటిది తిండి గురించే: మందకొడితనం వచ్చేదాకా తినకూడదు. పుస్తకంలో వారానికి ఏడు గడులు గీసి, తప్పిన రోజు నల్లచుక్క పెట్టేవాడు. వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి. పదమూడు వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. పొద్దున ఐదుకు లేవడం, రాత్రి పదికి పడుకోవడం అని టైంటేబుల్ కూడా వేసుకున్నాడు.

రేపు చూద్దాంలే అనే మాట మన స్టడీ అవర్‌కు కొత్త కాదు. ఫ్రాంక్లిన్‌ను కూడా టైంటేబుల్, క్రమపద్ధతే అన్నిటికన్నా ఎక్కువ సతాయించాయి. పాత చుక్కలు గీకి చెరిపి మళ్ళీ మొదలుపెట్టగా కాగితాలకు చిల్లులు పడ్డాయి. అప్పుడు తుడిస్తే పోయే దంతపు రేకుల మీద పెన్సిల్‌తో పెట్టసాగాడు. మాకు బాగా నచ్చింది ఆ చిల్లులే. ముసలితనంలో గౌట్ జబ్బు పట్టుకుంది. 1780లో ఆ జబ్బుకూ తనకూ మధ్య ఒక సరదా సంభాషణ రాశాడు. అతిగా తింటావు, నడవకుండా చదరంగం ఆడుతూ కూర్చుంటావు అని అందులో జబ్బే ఆయన్ని తిడుతుంది!

కానీ ఆ పదమూడింటిలో లేనిది ఒకటుంది. ఆయన ఇంట్లో బానిసలుండేవారు. ఆయన పత్రికలో మనుషుల అమ్మకం ప్రకటనలు అచ్చయ్యేవి. దానికి ఏ గడిలోనూ చుక్క పడలేదు. చుట్టూ అందరూ చేస్తున్న తప్పు మనిషికి అలవాటుగా కూడా కనిపించదేమో. ఆయనకు అది కనిపించడానికి దశాబ్దాలు పట్టింది. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో ఆ సంఘం తరఫున సంతకం చేసి అమెరికన్ కాంగ్రెస్‌కు అర్జీ పంపాడు. కాంగ్రెస్ దాన్ని పక్కన పెట్టింది. ఆయన ఊరుకోలేదు. బానిసత్వాన్ని సమర్థించిన ఒక సభ్యుడి ప్రసంగాన్ని ఎగతాళి చేస్తూ మార్చి 23 తేదీతో పత్రికకు ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. ఏప్రిల్ 17న కన్నుమూశాడు.