తాజ్‌ను నిలబెట్టిన జంషెడ్జీ

గుజరాత్‌లోని నవసారిలో 1839లో జన్మించిన జంషెడ్జీ టాటా ఉక్కు కర్మాగారం, జలవిద్యుత్తు, విజ్ఞాన సంస్థ, హోటల్ గురించి కలలు కన్నారు. కళ్లారా చూడగలిగింది మాత్రం హోటల్‌నే. 1903 డిసెంబరు 16న బొంబాయిలో తాజ్ మహల్ హోటల్ 17 మంది అతిథులతో ఆరంభమైంది.

దానికి వెచ్చించినది ఆయన సొంత ధనం. కనుక కొనుగోళ్ల భారం ఇతరులకు వదలక, ఐరోపాలో తిరిగి సామగ్రిని స్వయంగా ఎంపిక చేశారు. లిఫ్టులు జర్మనీ నుంచి, పంకాలు అమెరికా నుంచి, నాట్యశాల ఇనుప స్తంభాలు పారిస్ నుంచి తెప్పించారు.

ఒకసారి కొని అమర్చే వస్తువుల సంగతి అది. దినదినం కావలసిన సేవల విషయంలో మాత్రం ఆయన బయటివారిపై ఆధారపడలేదు. విద్యుదుత్పత్తి, దుస్తుల ఉతుకు, సోడా తయారీ, వెండి పాత్రలకు మెరుగు పెట్టడం అన్నీ హోటల్‌లోనే జరిగే ఏర్పాటు చేశారు. నేడు ఉతుకు పనిని బయటి సంస్థలకు అప్పగించే హోటళ్లు అనేకం. ఆనాడు విద్యుత్తును కొందామన్నా అమ్మేవారు లేరు. నగరానికి దానిని సరఫరా చేసే సంస్థ 1905లో గాని ఏర్పడలేదు. ఇది ముందుచూపు ఎంతో, అవసరమూ అంతే.

హోటల్ తెరచిన ఐదు నెలలకే, 1904 మే 19న, జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో జంషెడ్జీ కన్నుమూశారు.