గిటారుకు గొంతునిచ్చిన లియో ఫెండరు

గిటారు వాయించువాడు ధ్వనివర్ధకమును కొనబోయినపుడు మూడు విషయములను విచారించును: స్పీకరు ఎంతటిది, శక్తి ఎన్ని వాట్లు, అనురణనము కలదా లేదా. ఈ మూడింటిని చక్కగా కుదిర్చి, నేటికిని ప్రమాణముగా నిలిచిన యంత్రములను నిర్మించినవాడు లియో ఫెండరు. ఆయనకు గిటారు వాయించుట రాదు.

ఫెండరు 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నారింజతోటలు సాగుచేయు కుటుంబమున జన్మించెను. ఎనిమిదవ యేట కంతి కారణముగా ఎడమకన్ను తొలగింపవలసి వచ్చెను. గాజుకన్నుతోనే ఆయన జీవితమంతయు గడపెను. బంధువొకడు నిర్మించిన రేడియో నుండి వెలువడిన పెద్ద ధ్వని ఆ బాలుని మనస్సును దోచుకొనెను. కళాశాలలో ఆయన చదివినది జమాఖర్చుల విద్య. విద్యుద్యంత్రముల పరిజ్ఞానము స్వయంకృషి వలన లభించినది. 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను.

ఆ దుకాణమునకు వాద్యకారులు చెడిపోయిన యంత్రములను తెచ్చుచుండిరి. డ్రమ్ముల మ్రోతలో గిటారు వినబడకపోవుటయే వారి కష్టము. ఫెండరు దానిని ఓపికతో ఆలకించెను. 1946లో తన పేర సంస్థను స్థాపించి గిటార్లను, ధ్వనివర్ధకములను తయారుచేయసాగెను. మంద్రస్వరముల బాసు గిటారుకై చేసిన బాస్‌మన్ అను యంత్రమున, 1950వ దశకపు చివరినాటికి, 10 అంగుళముల స్పీకర్లు నాలుగు అమరియుండెను. సాధారణ గిటారు వాయించువారును దానినే కోరుకొనిరి. 1962లో లండనులో జిమ్ మార్షల్ తన తొలి ధ్వనివర్ధకమునకు దీనినే నమూనాగా గైకొనెను.

శక్తి విషయమున ఫెండరుకు పరీక్ష పెట్టినవాడు డిక్ డేల్ అను గిటారు విద్వాంసుడు. వేలమంది శ్రోతల యెదుట ఆతడు వాయించు ధాటికి స్పీకర్లు తాళలేకపోయెను. ఫెండరు విసుగు చెందక, 15 అంగుళముల దృఢమైన స్పీకరుతో మరింత శక్తిగల యంత్రమును రూపొందించెను. వాట్లు రెట్టింపైన మాత్రమున ధ్వని రెట్టింపు కాదు. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు పదింతల శక్తి కావలెను. కనుక 1963లో వెలువడిన 85 వాట్ల ట్విన్ రివర్బు, 22 వాట్ల డీలక్సు రివర్బు కంటె నాలుగింతలు బిగ్గరగా మ్రోగదు. ఎక్కువ శక్తి యొక్క ప్రయోజనము, స్థాయి పెంచినను ధ్వని చెదరక నిర్మలముగా నిలుచుట. చిన్న గదిలో సాధన చేయువానికి అంతటి శక్తితో పనిలేదు.

విశాలమైన దేవాలయ మంటపమున పాడిన పాట గోడలను తాకి, తిరిగి వచ్చి, మెల్లగా సమసిపోవును. ఆ గుణమే అనురణనము. గిటారు సంకేతముచే తీగచుట్టలను కంపింపజేసి, ఆ కంపనమును మరల విద్యుత్తుగా మార్చు పద్ధతిని హామండ్ సంస్థ తన ఆర్గను వాద్యములలో వాడుచుండెను. ఫెండరు దానిని గ్రహించి 1961లో వేరు పెట్టెగాను, 1963లో ధ్వనివర్ధకము లోపలనే ఇమిడియుండునట్లును అమర్చెను.

ఇంతలో అనారోగ్యము ఆయనను క్రుంగదీసెను. ఇక బ్రతుకనను భయముతో 1965లో సంస్థను సి.బి.ఎస్. వారికి 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. తరువాత వ్యాధి నయమయ్యెను; కాని తన పేరు పరుల సొత్తైనది. తాను మలచిన గిటారుపై తన పేరు వ్రాసికొనుటకు వీలులేకపోయెను. అయినను ఆయన పని మానలేదు. మిత్రుడు జార్జి ఫుల్లర్టన్ పేరులోను, తన పేరులోను మొదటి అక్షరములు కలిపి జి అండ్ ఎల్ అను సంస్థను నెలకొల్పి, వార్ధక్యమునను నూతన గిటార్లను రూపొందించుచు, 1991 మార్చి 21వ తేదీన కన్నుమూసెను.

1956లో ఫెండరు సంస్థ నాలుగు తంత్రుల విద్యుత్ మాండలినును వెలువరించెను. సాధారణ మాండలిను నాదము మీటినంతనే అణగిపోవును. గమకమునకు అది చాలదు. తరువాతి కాలమున మన పాలకొల్లు వాడైన ఉప్పలపు శ్రీనివాసు అయిదు తంత్రుల విద్యుత్ మాండలినుపై కర్ణాటక రాగములను పలికించి లోకమును మెప్పించెను. వాద్యమునకు విద్యుత్తు తోడైనపుడు పెరుగునది బిగ్గరతనము మాత్రమే కాదు. స్వరము నిలుచు కాలమును పెరుగును. ఆ నిలుకడ కొరకే, తాను వాయింపలేని వాద్యమునకై, ఫెండరు జీవితకాలము శ్రమించెను.