పీటర్ బార్లో – కెమెరాకు అమరిన ఆయన కటకం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకొంటూ సాగుతుంది. శీతకాలంలో ఆ రోడ్డుకు ఇరుప్రక్కలా లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగోలు గుంపులు గుంపులుగా మేస్తూ ఉంటాయి. వాటిని ఫొటో తీయ వచ్చినవారు రోడ్డు అంచున మూడుకాళ్ల స్టాండు నిలిపి, కెమెరాకూ పొడవైన టెలీఫొటో లెన్సుకూ నడుమ రెండు మూడు అంగుళాలకు మించని ఒక చిన్న గొట్టాన్ని బిగించటం ఇక్కడి పాఠకులలో చాలమంది చూచియే ఉంటారు. దానిని టెలీకన్వర్టర్ అంటారు. 300 మిల్లీమీటర్ల లెన్సును అది 420గానో, 600గానో మార్చివేస్తుంది. అంత పొడవు గల వేరొక లెన్సు కొనాలంటే అయ్యే ఖర్చులో స్వల్పభాగానికే ఇది దొరుకుతుంది. ఇంత చౌకగా అంత దూరదృష్టి ఎలా లభించింది? దానికి మారుగా మనం చెల్లించేదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం, భౌతికశాస్త్ర విద్యార్థులకు వేరొక సందర్భంలో పరిచయమైన ఒక ఆంగ్లేయుని జీవితంలో ఉన్నది. అయస్కాంతపు ధ్రువాల నడుమ పాదరసాన్ని తాకుతూ తిరిగే బార్లో చక్రాన్ని మన విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నారు. ఆ బార్లోయే ఈ కటకానికి కూడా కర్త.

పీటర్ బార్లో 1776 అక్టోబరు 13న ఇంగ్లండులోని నార్విచ్ నగరంలో జన్మించాడు. విశ్వవిద్యాలయపు గడప తొక్కే భాగ్యం ఆయనకు కలుగలేదు. తొలుత వర్తకుల కొలువులో చిన్న ఉద్యోగం చేసి, తరువాత ఒక బడి నడిపాడు. నేర్చిన గణితమంతా స్వయంకృషి ఫలమే. ఆ కాలంలో ఇంగ్లండున లేడీస్ డైరీ అనే వార్షిక పత్రిక ఒకటి వెలువడేది. పేరుకు అది స్త్రీల పంచాంగమైనా, లోపల కఠినమైన గణిత సమస్యలు ఉండేవి. ఒక ఏటి సంచికలోని సమస్యలకు మరుసటి ఏటి సంచికలో పరిష్కారాలు ప్రకటించేవారు. బార్లో దానికి విడువక రచనలు పంపేవాడు. సంపాదకుడైన చార్లెస్ హటన్ ఉలిచ్‌లోని రాజకీయ సైనిక విద్యాలయంలో గణితాచార్యుడు కూడా. ఆయన సలహా పైననే బార్లో ఆ విద్యాలయానికి దరఖాస్తు పెట్టి, గట్టి పోటీ పరీక్షలో నెగ్గి 1801లో గణితోపాధ్యాయుడయ్యాడు. 1847 వరకు ఆ కొలువు విడువలేదు. కళాశాల వార్షిక సంచికలలో వ్రాసే మన విద్యార్థులు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవటం మంచిది.

ఆయన కృషి బహుముఖమైనది. 1811లో సంఖ్యాసిద్ధాంతంపై గ్రంథం ప్రకటించాడు. 1814లో వెలువడిన గణిత పట్టికలలో 1 నుంచి 10,000 వరకు ప్రతి సంఖ్యకూ వర్గం, ఘనం, వర్గమూలం, ఘనమూలం, వ్యుత్క్రమం ఇచ్చాడు. కాల్‌క్యులేటర్లు వచ్చేదాకా గణకులకు బార్లో పట్టికలే శరణ్యమైనాయి. 1817లో కలప బలాన్ని గురించి ప్రయోగపూర్వకమైన గ్రంథం వ్రాశాడు. ఓడలలోని ఇనుము దిక్సూచిని తప్పుదారి పట్టించటం నావికులకు ఆ రోజులలో పెద్ద బెడదగా ఉండేది. దిక్సూచి సమీపాన తగిన చోట ఒక ఇనుప పలకను నిలిపి ఆ దోషాన్ని సరిదిద్దే ఉపాయాన్ని ఆయన కనిపెట్టాడు. ఆ కృషికి 1825లో రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం లభించింది.

ఆయన తీర్మానాలన్నీ నిలువలేదని కూడా చెప్పాలి. 6, 28 వంటి పరిపూర్ణ సంఖ్యలలో తన కాలానికి తెలిసిన 19 అంకెల సంఖ్యయే చివరిదని, ప్రయోజనం లేని అటువంటి వాటికోసం ఇక ఎవరూ శ్రమపడరని 1811 నాటి గ్రంథంలో వ్రాశాడు. ఆయన గతించిన కొద్ది దశాబ్దాలకే అంతకంటే పెద్దవి బయటపడ్డాయి. తీగ పొడవు పెరిగినకొద్దీ విద్యుత్ప్రభావం క్షీణించటం కొలిచి చూచి, విద్యుత్తుతో దూరానికి వార్త పంపటం అసాధ్యమని 1825లో నిర్ణయించాడు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కొద్ది సంవత్సరాలలోనే ఆ అడ్డంకిని దాటాడు. బార్లో కొలతలో దోషం లేదు. కొలతకు మించి చెప్పిన మాటలోనే దోషం. ఈ భేదం మన కటకం విషయంలో కూడా పనికివస్తుంది.

దూరదర్శినులపై ఆయన దృష్టి పడటానికి కారణం గాజు కొరత. రంగుల దోషం లేని వస్తుకటకం తయారుచేయటానికి ఫ్లింట్ గాజు అవసరం. పెద్ద బిళ్లలు ఇంగ్లండులో దొరకటం దుర్లభం. గాజు బదులు కార్బన్ డైసల్ఫైడ్ ద్రవాన్ని గాజు పలకల మధ్య బంధించి బార్లో ద్రవకటకాలు నిర్మించాడు. 1820ల చివరి సంవత్సరాలలో వాటితో దూరదర్శినులు తయారై పరీక్షకు నిలిచాయి గాని, వాడుకలో స్థిరపడలేదు. స్థిరపడినది ఆ తరువాత పుట్టిన చిన్న పుటాకార కటకం.

దీని పుట్టుక వివరంగా చెప్పదగినది. జంట నక్షత్రాల మధ్య దూరాన్ని కొలిచే ఖగోళజ్ఞులు దూరదర్శినిలో ప్రతిబింబం ఏర్పడే చోట సాలెపోగులంత సన్నని తీగలు అమర్చి, ఒక్కొక్క తీగను ఒక్కొక్క నక్షత్రం మీదికి జరిపి కొలత తీసుకొంటారు. నక్షత్రాలు మరీ దగ్గరగా ఉంటే వాటిని విడదీసి చూడటానికి ఎక్కువ శక్తి గల అక్షికటకం పెట్టవలసి వస్తుంది. అప్పుడు నక్షత్రాల ఎడముతోపాటు తీగల లావు కూడా అంతే పెరుగుతుంది. నక్షత్రం తీగ చాటున దాగిపోతుంది. పెద్దది చేసిన ప్రయోజనం నెరవేరదు. బార్లో సూచించిన మార్గం వేరు. తీగలకు ముందే, కిరణాలు ఇంకా నాభిని చేరక మునుపే, వాటి దారిలో ఒక పుటాకార కటకాన్ని ఉంచితే అవి నెమ్మదిగా కూడుకొని, కొంచెం వెనుకగా, పెద్దదైన ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. తీగలు ఆ ప్రతిబింబం దగ్గరే ఉంటాయి కనుక వాటి లావు పెరుగదు. పెరిగేది నక్షత్రాల ఎడము మాత్రమే. ప్రసిద్ధ యంత్రనిర్మాత జార్జ్ డాలండ్ ఈ కటకాన్ని రంగుల దోషం లేకుండా తయారుచేసి, 1834లో రాయల్ సొసైటీ పత్రికలో దానిని వర్ణించాడు. జంట నక్షత్రాల పరిశీలకుడైన డాస్ దానితో కొలతలు తీశాడు.

కెమెరాలో సాలెపోగుల స్థానం ఫిలిం రేణువులది. ఈనాటి డిజిటల్ కెమెరాలలో అది సెన్సర్ మీది గళ్లది. తీసిన బొమ్మలో చిన్నగా పడిన పక్షిని తరువాత పెద్దది చేసుకొంటే రేణువులు కూడా పెద్దవవుతాయి. అది ఎక్కువ శక్తి గల అక్షికటకం పెట్టటంతో సమానం. టెలీకన్వర్టర్ బార్లో దారి పడుతుంది. రేణువుల మీద పడక మునుపే పక్షిని పెద్దది చేస్తుంది. బార్లో గతించిన సుమారు 30 ఏండ్లకు, 1891లో, ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథే, స్టైన్‌హైల్ ఇంచుమించు ఒకేసారి రూపొందించిన టెలీఫొటో లెన్సులు కూడా ముందు కుంభాకార కటక సముదాయం, వెనుక పుటాకార సముదాయం అనే ఈ సూత్రం మీదనే నిలిచాయి.

అయితే ఇందులో ఉచితంగా వచ్చేది ఏదీ లేదు. లెన్సు ముఖద్వారం గుండా ప్రవేశించే వెలుతురు పెరుగదు. ఉన్న వెలుతురే విశాలమైన స్థలంలో పరచుకొంటుంది. 1.4 రెట్ల కన్వర్టర్‌తో సగం వెలుతురు, అనగా ఒక స్టాప్, నష్టం. 2 రెట్ల దానితో నాలుగింట మూడు వంతులు, అనగా 2 స్టాపులు, నష్టం. ఎఫ్ 4 ద్వారం గల 300 లెన్సు మొదటిదానితో ఎఫ్ 5.6 గల 420 అవుతుంది. రెండవదానితో ఎఫ్ 8 గల 600 అవుతుంది. ఎఫ్ 5.6 గల 400 లెన్సుకు 2 రెట్లది తగిలిస్తే ఎఫ్ 11 గల 800 చేతికి వస్తుంది. తెల్లవారుజామున ఎగిరే పక్షికి అది పనికిరాదు. పైగా అద్దం గల కెమెరాలలో చాలవాటికి ఎఫ్ 5.6 లేక ఎఫ్ 8 దాటితే తమంతట తాము ఫోకస్ చేసుకొనే శక్తి ఉడిగిపోతుంది. అద్దం లేని కొత్త కెమెరాలు ఈ విషయంలో కొంత మెరుగు.

రెండవ నష్టం ఇంతకంటే సూక్ష్మమైనది. కన్వర్టర్ పక్షిని పెద్దది చేసినట్లే లెన్సులోని లోపాన్ని, చేతి వణుకును కూడా పెద్దది చేస్తుంది. తీగల లావు పెరుగకపోతే ఏమి, నక్షత్రమే మసకగా ఉన్నప్పుడు? అందుచేత స్థిరమైన నాభ్యంతరం, పెద్ద ద్వారం గల నిశితమైన లెన్సుకే కన్వర్టర్ శోభిస్తుంది. చౌక జూమ్ లెన్సుకు 2 రెట్ల కన్వర్టర్ తగిలించటం కంటే తీసిన బొమ్మను కత్తిరించుకోవటమే మేలని నా అభిప్రాయం. సెన్సర్ గళ్లు మరీ సన్ననివైతే ఈ మాటకు మరింత బలం చేకూరుతుంది. ఆ లెన్సు కోసం తయారుచేసినవారే చేసిన కన్వర్టర్‌ను కొనాలి. కొన్నింటి ముందు గాజు లెన్సు లోపలికి చొచ్చుకొనిపోయే విధంగా ఉంటుంది కనుక అవి అన్ని లెన్సులకూ అమరవు. ద్వారాన్ని ఒక స్టాప్ మూసుకోవటం, గట్టి స్టాండు మీద నిలపటం, మారిన నాభ్యంతరానికి తగినంతగా షట్టర్ వేగం పెంచటం అవసరం. ఒక్క లాభం మాత్రం నిజంగా అదనపు ఖర్చు లేనిది. లెన్సు ఎంత దగ్గరి వస్తువును చూపగలదో ఆ దూరం మారదు. అందువల్ల తూనీగ వంటి చిన్న ప్రాణి కూడా పెద్దదిగా పడుతుంది.

మన ప్రాంతంలో ఈ పరీక్ష రెండు చోట్ల రెండు విధాలుగా ఉంటుంది. సూళ్లూరుపేటకు ఉత్తరాన దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో, నీట నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. 1976లో ఆ చోటును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. కట్ట మీద నుంచి చూచేవారికి గూళ్లు మరీ దూరం కావు. అక్కడ ఉత్త లెన్సుతోనే తృప్తిపడటం వివేకం. పులికాట్‌లో నీరు వెనుకకు తీసినకొద్దీ ఫ్లెమింగోలు దూరమవుతాయి. బురదలో దిగి దగ్గరకు పోతే గుంపు అంతా మేత విడిచి లేచిపోతుంది. అక్కడ కన్వర్టర్ ఉండటం మనకంటే పక్షులకే ఎక్కువ మేలు. కాని ఉదయం ఎండ ముదరక మునుపే పని ముగించుకోవాలి. మధ్యాహ్నం ఉప్పునేల మీద వేడిగాలి అలలవలె కదలుతుంది. ఆ కదలికను ఏ కటకమూ ఆపలేదు. 2 రెట్ల కన్వర్టర్ దానిని రెండింతలు చేసి చూపుతుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నవారికైనా ఆ వేళ దక్కేది గులాబి రంగు మరక మాత్రమే.

బార్లో చివరి దశలో రైలుమార్గాలకు సంబంధించిన ప్రభుత్వ విచారణ సంఘాలలో పనిచేశాడు. 1847లో పదవి విరమించి, 1862 మార్చి 1న 85వ ఏట మరణించాడు. కుమారులలో పీటర్ విలియం థేమ్స్ నది క్రింద 1870లో తెరచిన టవర్ సబ్‌వే సొరంగానికి ఇంజనీరు. విలియం హెన్రీ లండనులోని సెయింట్ పాంక్రాస్ రైలుస్టేషను మీద, నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా సుమారు 240 అడుగుల వెడల్పున నిలిచిన కప్పును రూపొందించాడు. తండ్రి పేరు కెమెరా దుకాణాలలో వినిపించదు. దూరదర్శినులు అమ్మేవారు మాత్రం ఈనాటికీ ఆ పుటాకార కటకాన్ని బార్లో అనే పిలుస్తారు.