నాణేలకు మార్కులు వేసిన షెల్డన్

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 1898లో జన్మించిన విలియం షెల్డన్ మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల శరీరాలను కొలిచి అంకెలు ఇచ్చిన ఈయనకు పాత రాగి సెంట్లంటే మహా మోజు. సంతలో ఎద్దు బేరంలాగే నాణేల బేరంలోనూ అమ్మేవాడు బాగుందంటే కొనేవాడు అరిగిందనేవాడు. షెల్డన్ 1949లో తన పుస్తకంలో 1 నుంచి 70 వరకు మార్కుల పద్ధతి పెట్టారు. పూర్తిగా అరిగితే 1, ఏ లోపమూ లేకుంటే 70.

నునుపు చేసిన అచ్చుతో ఒకటికి రెండుసార్లు కొట్టి అద్దంలా మెరిపించే ప్రూఫ్ నాణేలకూ తర్వాత ఇదే కొలత వచ్చింది. 1980ల నుంచి గ్రేడింగ్ కంపెనీలు నిపుణులచేత పరీక్ష చేయించి, మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తున్నాయి. వెంట్రుకంత గీత ఉన్నా మార్కు తగ్గుతుంది. దానితో ధరా పడిపోతుంది.

షెల్డన్ 1977లో మరణించారు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి జార్జి క్లాప్ అనే దాత ఇచ్చిన మేలైన సెంట్లను ఈయన తీసుకుని, అదే రకం నాసి నాణేలు ఆ చోట పెట్టారు. పాత ఫొటోలతో పోల్చి చూడగా మార్పిడి తేలింది. ఆయన దగ్గర తెలియక కొన్న వ్యక్తికీ సొసైటీకీ వ్యాజ్యం నడిచింది. 1996లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు సొసైటీ పక్షాన తీర్పు చెప్పింది.