లియోన్ కాపరి భక్త ఐరేనియస్

సంఘ చరిత్రలో రెండవ శతాబ్దపు పుటలు తిరుగవేయునపుడెల్ల మాకొక నది జ్ఞాపకమునకు వచ్చును. అది ఫ్రాన్సు దేశములోని రోను నది. దాని ఒడ్డున లియోన్ పట్టణము గలదు. క్రీ.శ. 177లో అచ్చటి క్రైస్తవులమీదికి ఘోరమైన శ్రమలు వచ్చెను. తొంబది యేండ్లు దాటిన బిషప్పు పోతినుస్ చెరసాలలోనే ప్రాణము విడిచెను. బ్లాందీనా అను దాసిని మృగములయెదుట నిలిపి హింసించి చంపిరి. అంతటితో తృప్తి చెందక, హతసాక్షుల శవములను ఆరు దినములు బయట పడవేసి, పిమ్మట కాల్చి, ఆ బూడిదను రోనులో కలిపిరి. శరీరమే లేకుండ చేసినచో వీరికిక పునరుత్థాన నిరీక్షణ యెక్కడిదని వారి తలంపు.

ఆ దినములలో ఐరేనియస్ ఆ సంఘములో పెద్ద. చెరలోనున్న సహోదరుల పత్రికను తీసికొని రోమాకు వెళ్లియుండెను. తిరిగివచ్చిన తరువాత పోతినుస్ స్థానమున ఆ మిగిలిన మందకు కాపరి యాయెను.

ఆయన ఆసియా ప్రాంతపువాడు. బాల్యమున స్ముర్నలో పొలికార్పు బోధను విన్నవాడు. పొలికార్పు అపొస్తలుడైన యోహానును ఎరిగినవాడని ఆయన సాక్ష్యము. అనగా మన భక్తునికిని, ప్రభువును కన్నులార చూచినవారికిని నడుమ ఒక్క మనుష్యుడే.

ఆ కాలమున సంఘమును వేధించిన దుర్బోధకు నాస్టిక్ మతమని పేరు. ఈ పేరు విని మన సంఘస్థులలో కొందరు నాస్తికులని పొరబడుచుందురు. గ్రీకులో గ్నోసిస్ అనగా జ్ఞానము. వీరు దేవుడు లేడనువారు కారు, దివ్యశక్తులు మరీ ఎక్కువైనవారు. అలెక్సంద్రియనుండి వచ్చి సుమారు 140లో రోమాలో బోధించిన వలెంతీనుస్ శిష్యులు ముప్పది దివ్యశక్తులను లెక్కించిరి. వేదాంత కళాశాలలో మేము వాటి పేర్లన్నియు వల్లెవేసి, పరీక్ష మరునాడే మరచితిమి. వాటిలో చివరిదైన సోఫియా, అనగా జ్ఞానము, తండ్రిని గ్రహింపగోరి పతనమాయెనట. ఆమె వేదననుండి పదార్థము పుట్టెనట. పైలోకము నెరుగని శిల్పి యొకడు ఈ లోకమును చేసెననియు, పాతనిబంధన దేవుడు అతడేననియు చెప్పిరి. మనుష్యులు మూడు జాతులట. ఆత్మసంబంధులు జ్ఞానముచేత తప్పక తప్పించుకొందురు. సామాన్య విశ్వాసులు సత్క్రియలతో కొంత మేలు పొందుదురు. మంటి సంబంధులకు గతిలేదు. శరీరమునకైతే ఎవరి విషయములోను రక్షణ లేదు. వారిలో కొందరు మరణించువారి తలమీద నూనెను నీళ్లను కలిపి పోసి, త్రోవలోని అధికారులను దాటిపోవుటకు పలుకవలసిన మాటలు నేర్పుచుండిరి.

ఇది దూరపు వాదమైనచో ఐరేనియస్ అంత శ్రమపడకపోవును. పొలికార్పు యొద్ద తాను బాలుడై చూచిన ఫ్లోరీనుస్ రోమాలో సంఘ పెద్దయై యుండి ఆ వైపు తిరిగెను. ఐరేనియస్ అతనికి ఉత్తరము వ్రాసి, వృద్ధుడు కూర్చుండి మాటలాడిన చోటును, ఆయన రాకపోకలను, యోహానును గూర్చి చెప్పిన సంగతులను ఒక్కొక్కటిగా జ్ఞాపకము చేసెను. ఇట్టి బోధ వినినచో ఆయన చెవులు మూసికొని పారిపోవునని హెచ్చరించెను. వాదముకన్న ఆ జ్ఞాపకములే ఎక్కువగా మా హృదయమును తాకినవి.

రోను లోయలోనే మార్కు అనువాని శిష్యులు తిరుగుచుండిరి. మార్కు గిన్నెలోని ద్రాక్షారసము రంగు మారునట్లు చేసి, ధనికురాండ్రకు ప్రవచన వరము ఇత్తునని భ్రమపెట్టెడివాడు. ఆసియాలో ఒక పరిచారకుడు వానికి ఇంట చోటియ్యగా, అతని భార్య వానివెంట వెళ్లిపోయెను. సహోదరులు ఎంతో ప్రయాసపడి ఆమెను తిరిగి తెచ్చిరి. ఆమె తన శేషకాలమంతయు కన్నీటితో ఒప్పుకోలులో గడిపెను. లియోన్ ప్రాంతమున అట్లు మోసపోయిన స్త్రీలలో కొందరు బహిరంగముగా ఒప్పుకొనిరి, కొందరు సిగ్గుచేత మౌనముగా సంఘమునకే దూరమైరి. ఈ రెండవ గుంపును గూర్చిన దుఃఖము ఏ కాపరికైనను తెలియును.

కాబట్టి సుమారు 180లో ఆయన అయిదు పుస్తకములు వ్రాసెను. విరోధుల గ్రంథములను చదివి, వారితో మాటలాడి వ్రాసెను. వారి దివ్యశక్తుల వంశావళిని ఎగతాళి చేయుచు సొరకాయ, దోసకాయ, పుచ్చకాయలతో తానొక వంశావళిని కల్పించెను. కొన్నిచోట్ల ఆయన కలము కటువైనదే. ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర 1945లో ఒక జాడీలో ఆ మతస్థుల గ్రంథములు దొరికినవి. వాటిలో యోహాను రహస్య గ్రంథమని పిలువబడునది ఆయన ఇచ్చిన వివరమునకు చాల దగ్గరగా నున్నది.

ఆయన జవాబునకు మూలము ప్రభువు బల్ల. భూమి పంటయైన రొట్టెను, ద్రాక్షారసమును ప్రభువు తన శరీరరక్తములుగా ఇచ్చినపుడు, వాటివలన పోషింపబడు మన శరీరము నిత్యజీవమునకు తగదని ఎట్లు చెప్పవచ్చునని ఆయన వాదము. సృష్టించిన దేవుడే రక్షించు దేవుడు, సిలువమీద బాధపడినవాడు నిజమైన దేహధారి. బూడిదయై నదిలో కొట్టుకొనిపోయిన వారి తల్లిదండ్రులు ఆ సంఘములో కూర్చుండి ఈ మాటలు వినుచుండిరని మేము తలంచుచున్నాము. మనలోను భూస్థాపన వేళ ఈ దేహము చింకిగుడ్డయేగదా అనువారు కలరు. వారు ఎవరి మాట పలుకుచున్నారో వారెరుగరు.

సుమారు 190లో రోమా బిషప్పు విక్టరు, పస్కా దినము విషయమై ఆసియా సంఘములను వెలివేయబూనగా, ఐరేనియస్ వారి పక్షమున విన్నవించెను. తాను మాత్రము ఆదివారమునే ఆచరించెడివాడు. గ్రీకులో సమాధానమను మాటనుండి వచ్చిన తన పేరును ఆయన అట్లు నిలుపుకొనెను.

సుమారు 200 ప్రాంతమున ఆయన మరణించెను. ఆయన అస్థికలు లియోన్‌లో ఒక దేవాలయము క్రింద భద్రపరచబడినవి. 1562లో మత యుద్ధములయందు ఆ సమాధిని పగులగొట్టి వాటిని నాశనము చేసిరి. ఆ పని చేసినవారు ప్రొటెస్టంటులే.