మలక్‌పేటకు గుర్రపు పందేలు తెచ్చిన మహబూబ్ పాషా

వత్సవాయి: జగ్గయ్యపేటలో హైదరాబాదు బస్సెక్కిన వారు కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్ దాటి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరంలో ప్రవేశిస్తారు. చాదర్‌ఘాట్ వంతెన రాకముందే మలక్‌పేట తగులుతుంది. మన మెట్ట ప్రాంతపు మిర్చి రైతులలో కొందరికి ఆ పేరు వినగానే అక్కడి గంజ్ గుర్తుకు వస్తుంది. ఆ పేటలోనే దేశమంతటా పేరున్న గుర్రపు పందేల మైదానం ఉంది. 1886లో పందేలను అక్కడికి తెచ్చిన వారు ఆరవ నిజాం నవాబు మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనం నోట ఆయన మహబూబ్ పాషా. ఆయన ఎంచిన చోటు మంచిదే. అయినా ఆయన కన్ను మూయగానే అక్కడ పందేలు ఆగిపోయాయి. అర్ధ శతాబ్దం పైగా గడిచాక మళ్ళీ అదే చోటికి తిరిగి వచ్చాయి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ నవాబు జీవితం తెలియాలి.

పొలిమేర అవతలి రాజు

మన ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ఒకప్పుడు నిజాము ఏలుబడిలోదే. 1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. అప్పటినుంచి వత్సవాయి ఇంగ్లీషు వారి వైపు, బోనకల్లు, మధిర నైజాం వైపు ఉండిపోయాయి. అవతల హాలీ రూపాయి చెల్లితే ఇవతల కల్దారు చెల్లేది. మున్నేరు మాత్రం ఈ సరిహద్దులేమీ ఎరగక, నైజాం పల్లెలు తడిపి వచ్చి పోలంపల్లి దగ్గర మన పొలాలకూ నీరిచ్చేది. కనుక మహబూబ్ పాషా మన పెద్దలకు పరాయి రాజే అయినా పొరుగు రాజు. మానుకోటకు మహబూబాబాదు అనీ, పాలమూరుకు మహబూబ్‌నగర్ అనీ పేర్లు వచ్చింది ఆయన వల్లనే.

ఆయన 1866 ఆగస్టులో హైదరాబాదులో జన్మించారు. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించడంతో రెండున్నరేళ్ళ పసివాడే నవాబు అయ్యాడు. రాజ్యభారాన్ని దివాను మొదటి సాలార్‌జంగ్, షమ్స్ ఉల్ ఉమ్రా కలిసి మోశారు. పిల్లవాడికి అరబ్బీ, పార్సీ, ఉర్దూ పంతుళ్ళతోపాటు ఇంగ్లీషు నేర్పడానికి దొరలను పెట్టారు. ఆయనకు తెలుగు కూడా బాగా వచ్చునని చెబుతారు. 1877 జనవరిలో ఢిల్లీ దర్బారుకు సాలార్‌జంగ్ వెంట వెళ్ళినప్పుడు ఆయనకు పదేళ్ళు.

చదువుకంటె ఆయన మనసు గుర్రం మీద, తుపాకి మీద నిలిచింది. గుర్రాన్ని దౌడు తీయిస్తూ నేలలో పాతిన మేకును ఈటెతో పెరికే ఆటలో ఆయన ఆరితేరాడు. పులుల వేటలో దిట్ట అయ్యాడు. 1883లో సాలార్‌జంగ్ కాలం చేశారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు స్వయంగా వచ్చి ఆ యువకుడికి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు నిండి పద్దెనిమిదో ఏడు నడుస్తున్నది.

మౌలాలి నుంచి మలక్‌పేటకు

హైదరాబాదులో గుర్రపు పందేలు మహబూబ్‌తో మొదలు కాలేదు. 1868లో, ఆయన తండ్రి కాలంలోనే, మౌలాలి గుట్ట ప్రాంతంలో పందేలు జరిగాయి. ఆ చోటు సికింద్రాబాదు దండుకు దాపు. పాత నగరం వారికి మాత్రం మూసీ దాటి వెళ్ళవలసినంత దూరం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం వచ్చి, బొంబాయి–మద్రాసు లైనుతో హైదరాబాదును కలిపింది. గుర్రాలను రైలు మీద తెచ్చుకునే వీలు ఏర్పడింది.

1886లో నవాబు ఒక నిర్ణయం తీసుకున్నారు. పందేలు మౌలాలిలో వద్దు, మలక్‌పేటలో జరగాలన్నారు. కారణం దాపరికం లేనిదే. మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ అనే ఆయన భవనం ఉంది. పందేలు తన భవనానికి దగ్గరగా ఉండాలన్నది ఆయన కోరిక. రాజు కోరితే అడ్డు చెప్పేవారెవరు? అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు.

రాజు తన సౌకర్యం కోసమే ఎంచుకున్నా, ఆ చోటు జనానికీ అనుకూలించేదే. మలక్‌పేట మూసీకి దక్షిణాన, పాత నగరం ఉన్న ఒడ్డునే ఉంది. చార్మినారు వైపు వారు నది దాటకుండానే రావచ్చు. ఇంగ్లీషు రెసిడెంటు బంగళా వైపు వారికి చాదర్‌ఘాట్ వంతెన ఉండనే ఉంది.

పందెపు గుర్రం సంగతి

మన తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసిన వారికి గుర్రపు పందెం అర్థం కావడం కష్టం కాదు. ఎడ్ల జతలను పళ్ళను బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడదీస్తాం గదా. గుర్రాలనూ అలాగే వయసును బట్టి విడదీస్తారు. ఒంగోలు జాతి ఎద్దుకు తండ్రి ఎవరు, తల్లి ఎవరు అని అడిగినట్టే పందెపు గుర్రానికీ వంశం అడుగుతారు. ఇంగ్లండులో 1791 నుంచి ఆ వంశాలన్నీ పుస్తకంగా అచ్చు వేస్తూ వచ్చారు. ఈనాడు లోకంలో ఉన్న మేలు జాతి పందెపు గుర్రాలన్నిటికీ మగ వంశం తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు చేరిన మూడు గుర్రాల దగ్గరికే పోతుంది.

మహబూబ్ పాషా కాలానికి మన దేశపు మైదానాలలో మూడు రకాల గుర్రాలు పరుగెత్తేవి. బస్రా వైపు నుంచి ఓడల మీద బొంబాయికి వచ్చే అరబ్బీ గుర్రాలు మొదటివి. ఆస్ట్రేలియా నుంచి మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చే వేలర్ గుర్రాలు రెండవవి. ఇంగ్లీషు మేలు జాతి మూడవవి. జోరైన గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ దానికి తక్కువ బరువు వేసి సమానం చేసేవారు. దూరాన్ని ఫర్లాంగులలో లెక్కిస్తారు. ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. పేరు మోసిన డెర్బీ పందెం పన్నెండు ఫర్లాంగులు, అంటే మైలున్నర. దాన్ని గుర్రం రెండున్నర నిమిషాలు, అటూ ఇటూగా ముగిస్తుంది.

ఇంత జోరుగా పరుగెత్తే జంతువుకు నేల బాగుండాలి. వాన పడితే నీరు నిలవకూడదు. ఎండకు రాయిలా గట్టిపడకూడదు. మలుపులు విశాలంగా ఉండాలి. చివరి పరుగుకు తిన్నని దారి ఉండాలి. వీటిలో ఏది లోపించినా గుర్రం కాలు విరుగుతుంది, పైనున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. పందెం ఎక్కడ పెట్టాలన్నది అందుకే ఒట్టి ముచ్చట కాదు.

ఖర్చుకు వెనుదీయని చేయి

మహబూబ్ పాషా ఇచ్చే చేయి. గుర్రాలొక్కటే కాదు, రత్నాలు, వేటలు, విందులు అన్నిటికీ ఖజానా తెరిచే ఉండేది. 1891లో జేకబ్ అనే వర్తకుడు తెచ్చిన పెద్ద వజ్రం బేరం తగాదాలో పడి కలకత్తా హైకోర్టుదాకా పోయింది. 1887లో వాయవ్య సరిహద్దు రక్షణ కోసం ఇంగ్లీషు సర్కారుకు 60 లక్షల రూపాయలు ఇస్తానని తానే ముందుకు వచ్చారు. అయినా 1902లో బేరారు ప్రాంతాన్ని శాశ్వతపు కౌలుకు రాసి ఇవ్వక తప్పలేదు.

ప్రజలకు మేలు చేసిన పనులూ ఆయన కాలంలో ఉన్నాయి. పందేలు మలక్‌పేట చేరిన 1886లోనే రైలు వరంగల్లు చేరింది. 1889లో డోర్నకల్లు మీదుగా బెజవాడ చేరింది. మన బోనకల్లు, మధిర స్టేషన్లు ఆ దారిలోనివే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు నవాబు బాధితుల కోసం తన భవనాల తలుపులు తెరిపించారు. పాము కరిచిన వారు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని జనం నమ్మేవారు. ఆ నమ్మకంలో నిజమెంత అన్నది అలా ఉంచితే, పేదలకు ఆయనపై ఎంత ప్రేమ ఉండేదో దానివల్ల తెలుస్తుంది.

రాజుతోపాటే ఆగిన పందేలు

మితిమీరిన భోగం, మద్యం ఆయన ఆరోగ్యాన్ని తినివేశాయి. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో, నలభై అయిదేళ్ళ వయసులో, ఆయన కాలధర్మం చెందారు. మక్కా మసీదులో పూర్వీకుల సరసన ఖననం చేశారు. తరువాత గద్దెనెక్కిన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ పొదుపరి. తండ్రి ముచ్చట్లు ఆయనకు లేవు.

మలక్‌పేటలో గుర్రాల డెక్కల చప్పుడు ఆగిపోయింది. మైదానం అక్కడే ఉంది, నేల అదే, దారులవే. లేనిదల్లా ఆ ఒక్క మనిషి. ఆ తర్వాతి కాలంలో పందేలు సికింద్రాబాదు పరేడు మైదానంలో జరిగాయి.

ఇంగ్లండు డెర్బీ సంగతి ఇక్కడ పోల్చి చూడాలి. 1780లో ఎప్సమ్ మైదానంలో అది మొదలయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి 1918 దాకా, రెండవ యుద్ధంలో 1940 నుంచి 1945 దాకా దాన్ని న్యూమార్కెట్‌కు మార్చారు. మైదానం మారినా పందెం ఆగలేదు. నడిపే సంఘం ఉంది, రాసుకున్న నియమాలున్నాయి, ఏటేటా జరపాలన్న కట్టుబాటు ఉంది. మలక్‌పేటలో మైదానం మారలేదు, పందెం ఆగింది. అక్కడ కట్టుబాటు స్థానంలో రాజు ఇష్టం ఒక్కటే ఉండేది.

మళ్ళీ అదే చోటికి

1961లో హైదరాబాదు రేసు క్లబ్బు ఏర్పడింది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేట చేరాయి. నవాబు పోయిన యాభై ఏడేళ్ళకు ఆయన ఎంచిన చోటే సరైనదని తేలింది. ఈసారి నడిపేది ఒక మనిషి కాదు, సభ్యుల సంఘం. దక్కను పీఠభూమిలో వాన మితం కనుక వానాకాలంలోనూ అక్కడ పందేలు సాగుతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఒక విడత, చలికాలంలో మరో విడత. అదే వానాకాలంలో బొంబాయి వారు తమ పందేలను పూనాకు మార్చుకుంటారు. దక్కన్ డెర్బీ మలక్‌పేటకు పేరు తెచ్చిన పందెం.

దేశంలోని మేటి నాలుగేళ్ళ గుర్రాలను ఒకచోట చేర్చి పరుగెత్తించే ఇన్విటేషన్ కప్ 1963లో మొదలయింది. దాన్ని ఏ ఒక్క ఊరికీ కట్టబెట్టలేదు. బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు వంతులవారీగా జరుపుకుంటూ వచ్చాయి. అమెరికాలో 1984లో మొదలయిన బ్రీడర్స్ కప్ కూడా వేదికలు మారుస్తూనే నడిచింది. వంతు ఉన్నచోట ఏ ఊరివారూ పందెం తమ సొంతమని అనలేరు, ఏ పెద్దమనిషి పోయినా పందెం పోదు.

మన ఊళ్ళలోనూ పెద్ద రైతు ఒకరు ఉత్సాహంగా ఎడ్ల పందేలు మొదలుపెడతారు. బహుమతులు ఆయనవే, స్థలం ఆయనదే. ఆయన తరువాత నాలుగేళ్ళకు ఆ పందెం ఊసే ఉండదు. నలుగురు కలిసి సంఘం పెట్టుకుని, లెక్కలు రాసుకుని, స్థలం ఊరి పేర ఉంచుకున్న చోట మాత్రం తాతలు చూసిన పోటీని మనుమలు చూస్తారు. నవాబుకు లేనిదీ, మన పల్లెకు సాధ్యమైనదీ ఆ కట్టుబాటే.

ఇక పందెం కాయడం సంగతి. గుర్రపు పందెం నేర్పుతో కూడిన ఆటేనని మద్రాసు కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ నేర్పు గుర్రానిది, తర్ఫీదు ఇచ్చేవాడిది, స్వారీ చేసే జాకీది. టిక్కెట్టు కొన్నవాడిలో గుర్రపు వంశం, నేల తీరు, బరువుల లెక్క చదివి డబ్బు పెట్టేవాడు నూటికొకడు. మిగిలిన వారు పేరు బాగుందని పెడతారు. పందేలలో ఎంత ఖర్చయినా మహబూబ్ పాషాకు వెనుక ఒక రాజ్యం ఉంది. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకు ఆ ఎకరమే రాజ్యం. గుర్రం పరుగు కళ్ళారా చూసి రావచ్చు. పొలం పత్రాలు మాత్రం ఇంట్లో పెట్టెలోనే ఉండాలి.