పేటెంట్ లేదు.. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేశారు! క్యాన్సర్ టెస్టుల దారి మార్చిన సీజర్ మిల్‌స్టీన్ ఎవరో తెలుసా?

లింఫోమా అనుమానంతో బయాప్సీ చేయించుకున్నవాళ్ల రిపోర్టులో ఓ మాట తరచూ కనిపిస్తుంది.. సీడీ20 పాజిటివ్. బి-కణాల పైపొరలో ఉండే ప్రొటీన్ పేరే సీడీ20. అది కనబడితే ఆ గడ్డ బి-కణాల నుంచి పుట్టిందని డాక్టర్లకు గట్టి ఆధారం దొరికినట్టే. దాన్ని వెతికి పట్టుకునేది మోనోక్లోనల్ యాంటీబాడీ. ఇలాంటి యాంటీబాడీల తయారీ పద్ధతిని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు సీజర్ మిల్‌స్టీన్.

1927 అక్టోబర్ 8న అర్జెంటీనాలోని బాహియా బ్లాంకాలో పుట్టారు. యూదు కుటుంబం. తండ్రి వలస వచ్చినవారు, తల్లి టీచర్. బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక పీహెచ్‌డీ, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇంకో పీహెచ్‌డీ చేసి 1961లో సొంత దేశానికి తిరిగొచ్చారు. అక్కడి మైక్రోబయాలజీ జాతీయ సంస్థలో చేరారు. కానీ 1962లో సైన్యం అధికారం లాక్కుంది. సంస్థ డైరెక్టర్‌ని పీకేశారు, తోటి ఉద్యోగులనూ తీసేశారు. మిల్‌స్టీన్ రాజీనామా చేసేశారు. 1963లో భార్య సెలియాతో మళ్లీ కేంబ్రిడ్జ్ బాట పట్టారు. అక్కడ ఫ్రెడ్ శాంగర్ సలహాతో యాంటీబాడీల వైపు మళ్లారు.

అప్పట్లో యాంటీబాడీ కావాలంటే జంతువుకి ఇంజెక్షన్ ఇచ్చి రక్తం తీయడమే. అందులో రకరకాల యాంటీబాడీలు కలగాపులగంగా ఉండేవి. ఒకే రకం తయారుచేసే బి-కణాన్ని విడిగా పెంచుదామంటే కొద్దిరోజులకే చచ్చిపోతుంది. మైలోమా అనే క్యాన్సర్ కణమేమో చావదు, కానీ కావాల్సిన యాంటీబాడీ ఇవ్వదు. 1974లో ల్యాబ్‌లో చేరిన జర్మన్ యువకుడు జార్జెస్ కోలర్‌తో కలిసి ఆయన ఈ రెండింటినీ ఒకే కణంగా అతికించేశారు! గొర్రె రక్తకణాలు ఎక్కించిన ఎలుక ప్లీహం నుంచి బి-కణాలు తీసి, ఎలుక మైలోమా కణాలతో కలిపారు. పుట్టిన హైబ్రిడ్ కణం చావదు.. ఒకే రకం యాంటీబాడీ ఇస్తూనే ఉంటుంది. 1975 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పేపర్ మూడంటే మూడు పేజీలు.

అసలు ట్విస్ట్ ఇక్కడే. పేటెంట్ సంగతి చూడాల్సిన బ్రిటన్ ప్రభుత్వ సంస్థకు ఇందులో వెంటనే పనికొచ్చేదేమీ కనిపించలేదు. పేటెంట్ తీసుకోలేదు. మిల్‌స్టీన్ మాత్రం అడిగిన ల్యాబులకు కణాలు పంపుతూ పోయారు. ఆయన పంపిన కణాలతోనే పనిచేసిన అమెరికాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ కొన్ని యాంటీబాడీలకు పేటెంట్లు తెచ్చుకుంది. బ్రిటన్‌లో పెద్ద రచ్చే అయింది. మనసుకు కష్టంగా ఉండే విషయమే. కానీ కణాలు అలా ఊరూరా తిరగడం వల్లే పని వేగంగా పాకిందన్నదీ కాదనలేం.

1980లో బోస్టన్ పరిశోధకులు బి1 అనే యాంటీబాడీ తయారుచేశారు. అది పట్టుకున్న ప్రొటీనే తర్వాత సీడీ20 అయింది. ఆ తర్వాత ఎల్26 వచ్చింది. ఇది మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క మీద కూడా పనిచేస్తుంది. ఎవరి యాంటీబాడీకి వాళ్లు పేర్లు పెట్టేయడంతో గందరగోళమై, 1982లో పారిస్‌లో కూర్చుని సీడీ నంబర్లు మొదలుపెట్టారు. అందులో ఒకటో నంబర్ ప్రొటీన్‌ను మొదట బయటపెట్టింది మిల్‌స్టీన్ బృందం యాంటీబాడీయే.

1984లో కోలర్, నీల్స్ జెర్న్‌లతో కలిసి ఆయన నోబెల్ అందుకున్నారు. సీడీ20 మీద గురిపెట్టే మందు రిటుక్సిమాబ్‌కు 1997లో అమెరికా అనుమతి వచ్చింది. అది చూడకుండానే కోలర్ 1995లో, 48 ఏళ్లకే పోయారు. మిల్‌స్టీన్ రిటైరయ్యాక కూడా ల్యాబ్ వదల్లేదు. 2002 మార్చి 24న కేంబ్రిడ్జ్‌లో 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు.